గిటారు మెడకు కట్టిన ట్యూబు ముక్క

నా చిన్నప్పుడు మా ఊరి భజనలో గిటారు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. అక్కుపల్లికి ఈవల, జీడితోటల మధ్య మా ఊరు. శనివారం సాయంత్రమైతే రామమందిరంలో హార్మనీ పెట్టెకూ మృదంగానికీ మధ్య చాప మీద మా తాతయ్య గిటారు పట్టుకుని కూర్చునేవాడు. వయసులో ఉండగా రంగూన్ వెళ్ళి రేవులో మూటలు మోశాడు. అక్కడ ఓడలో వంట చేసే ఒకాయన దగ్గర ఆ వాయిద్యం నేర్చుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు తోటివాళ్ళు ట్రంకు పెట్టెలతో దిగితే, ఈయన దుప్పట్లో గిటారు చుట్టుకుని దిగాడట. మా నాయనమ్మ బతికినన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తి దెప్పుతూనే ఉండేది. దెప్పుతూనే శనివారం నాడు ఆయన కండువా ఉతికి ఆరేసేది కూడా ఆవిడే.

నాకు పదేళ్ళు వచ్చేసరికి ఆయన వేళ్ళ కణుపులు వాచిపోయాయి. కీళ్ళవాతం. పొద్దున్నే పంచె ముడి వేసుకోవడానికి కూడా అవస్థపడేవాడు. నాయనమ్మ ఇప్పనూనె రాసి, వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టేది. కాసేపటికి వేళ్ళు కొంచెం వదులయ్యేవి. కుడిచెయ్యి ఫరవాలేదు, తీగలు మీటడానికి సరిపోయేది. ఎడమచెయ్యే మొండికేసింది. గిటారు తీగను మెట్టు మీద గట్టిగా నొక్కితేగాని పలకదు. నొక్కితే ఆయనకి ప్రాణం పోయేది. పాట మధ్యలో ఒక్కోసారి తీగ పలక్కుండా మొద్దుగా టక్‌మనేది. ఇక ఊరంతా ఆయన వేళ్ళ మీద తీర్పు చెప్పడానికి తయారైపోయింది.

హార్మనీ వాయించే మాస్టారే మా భజనకి పెద్ద. ఆయన ఒకరోజు మా అరుగు మీద కూర్చుని మా నాన్నతో, "ముసలాయన్ని తాళాలు పుచ్చుకోమను బాబూ. ఆ నొప్పులతో ఆయనకెందుకీ గోల. పిల్లలు నవ్వుతన్నారు," అన్నాడు. నాన్న తలూపాడు. పైగా శ్రీరామనవమికి టెక్కలి వైపు నుంచి వేరే భజన బృందం వస్తోందట. వాళ్ళ ముందు పరువు పోకూడదట. తాతయ్య అక్కడే, రెండు మూరల దూరంలో, గోడకి చేరబడి ఉన్నాడు. ఆయనకి చెవులు చక్కగా వినిపిస్తాయి. నోరూ ఉంది. అయినా ఆ మాట ఆయనతో అనాలని ఎవరికీ తోచలేదు. బండికి కట్టాలా వద్దా అని ఎద్దు గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. అది తలుచుకుంటే నాకు ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది. నొప్పి వచ్చింది వేళ్ళకి. మనిషికి బుద్ధి పోయిందని ఎవరన్నారు వీళ్ళకి?

మర్నాటి నుంచి తాతయ్య గిటారు ముందేసుకుని కూర్చున్నాడు. మొదట తీగలన్నీ వదులుచేసి, కింద అవి ఆనుకునే ఎముక ముక్కను ఊడదీశాడు. దాన్ని వాకిట్లో గచ్చు మీద అరగదీసేవాడు. నాలుగుసార్లు రుద్దడం, మళ్ళీ పెట్టి తీగలు బిగించి చూడడం. ఆ ముక్క తగ్గితే తీగలు మెట్లకి దగ్గరగా దిగుతాయి, తక్కువ నొక్కితే చాలు. మరీ తగ్గితే తీగ మెట్లకి తగిలి జిర్రుమంటుంది. అందుకని వారం పట్టింది. నొక్కే పట్లు కూడా మార్చేశాడు. నాలుగు వేళ్ళూ కావలసిన చోట రెండు వేళ్ళతో సరిపెట్టి, అక్కర్లేని తీగను మీటకుండా వదిలేసేవాడు. నాకూ రెండు మూడు పట్లు నేర్పాడు గనక ఆ తేడా నాకు తెలుస్తూ ఉండేది.

అన్నిటికన్నా గొప్ప ఉపాయం ఇంకోటి ఉంది. తీగలు బిగువుగా ఉంటేనే వేళ్ళకి అంత కష్టమని, ఆయన వాటిని రెండు మెట్లంత కిందికి దించేశాడు. దించితే హార్మనీ శ్రుతికి కలవదు కదా. అందుకని ఒక వెదురు బద్ద చెక్కి, గిటారు మెడ మీద రెండో మెట్టు దగ్గర తీగలకి అడ్డంగా పెట్టి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా చుట్టి కట్టాడు. ఆ కట్టు దగ్గర్నుంచి తీగ పొట్టిదైపోతుంది గనక శ్రుతి మళ్ళీ పైకొచ్చి హార్మనీకి అతికినట్టు కలిసింది. బిగువు మాత్రం తగ్గింది, మెట్లూ దగ్గరపడ్డాయి. ఆ శనివారం భజనలో ఒక్క తీగ కూడా టక్‌మనలేదు. ఇంటికొస్తూ దారంతా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. నవమికి తానే వాయిస్తానని నాన్నకి చెప్పేశాడు. ఆయనకి ఆ ఏడాది కావలసిందల్లా అదొక్కటే.

కానీ చూపుకి అది అందంగా ఉండేది కాదు. నున్నటి గిటారు మెడకి నల్లటి ట్యూబు ముక్క. బడిలో నా తోటి ఆడపిల్లలు దానికి పంచరు గిటారు అని పేరు పెట్టారు. "మీ తాత గిటారుకి గాలి కొట్టేరేటే?" అని అడిగేది ఒకర్తి. తక్కినవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నేను ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఎందుకేడుస్తున్నానో తాతయ్యకి మాత్రం చెప్పేదాన్ని కాదు.

శ్రీరామనవమి నాడు రామమందిరం ముందు కొబ్బరాకుల పందిరి వేశారు. టెక్కలి వైపు వాళ్ళు పొద్దున్నే దిగారు, అందరూ ఒకే రంగు కండువాలతో. పానకాలయ్యాక మధ్యాహ్నం మావాళ్ళు వాయించాలి. తాతయ్య గిటారు నాకప్పగించి భోజనానికి వెళ్ళాడు. నా బడి పిల్లలంతా ముందు వరసలో కూర్చుని ఉన్నారు. నేను ఆ ట్యూబు విప్పేశాను. వెదురు బద్ద పందిరి వెనక పారేశాను. గిటారు తీసుకెళ్ళి హార్మనీ మాస్టారికిచ్చి, దీని తీగలు సరిగ్గా బిగించండి అని అడిగాను. మా భజనలో ఏ వాయిద్యమైనా హార్మనీకి కలుపుకున్నాకే చాప మీదికి రావాలి. ఆయన ఒక్కొక్క మీట నొక్కుతూ తీగలన్నీ తన పెట్టె శ్రుతి దాకా బిగించేశాడు. ట్యూబు లేదేమని అడగలేదు. గిటారు నా చేతికిస్తూ, "ఇప్పుడు పద్ధతిగా ఉంది," అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. తాతయ్యకి మేలు చేశాననుకున్నాను కూడా.

తాతయ్య వచ్చేసరికే పాట ఎత్తుకున్నారు, గబగబా కూర్చుని మెడ వంక చూడకుండానే మొదటి పట్టు వేశాడు. తీగ పలకలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. మొహం నల్లబడింది. హార్మనీ ముందుకి వెళ్ళిపోతోంది, మృదంగం వెళ్ళిపోతోంది, ఈయన దగ్గర్నుంచి టక్ టక్ అని చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు పెట్టె ఆపి అందరికీ వినబడేలా, "తాళాలు పుచ్చుకో బావా, ఇంకెందుకు," అన్నాడు. తాతయ్య తాళాలు ముట్టుకోలేదు. తల వంచి గిటారు మెడ తడిమి చూసుకున్నాడు. గబగబా తీగలు దించడం మొదలెట్టాడు. పక్కనున్న గుడ్డసంచి మొత్తం దులిపాడు. అప్పుడు నా వైపు తిరిగి, "అమ్మీ, ట్యూబు ముక్క సూసేవేటి?" అని అడిగాడు.

అది నా గుప్పెట్లోనే ఉంది. చెమటకి తడిసి చేతికి అంటుకుపోతోంది. బద్ద లేకపోయినా ఏ పుల్లతోనో కట్టుకునేవాడు. చెయ్యి చాపితే చాలు. మాస్టారు నా మొహం వంకే చూస్తున్నాడు. కట్టు లేని గిటారు తన చేతికిచ్చింది నేనేనని ఆయనకి తెలుసు. ఆయనా నోరు విప్పలేదు. నేను తల అడ్డంగా ఊపాను.

భజన ఆయన లేకుండానే సాగింది. తాతయ్య లేచిపోలేదు. పలకని గిటారు ఒళ్ళో పెట్టుకుని, టెక్కలి వాళ్ళు ఎదురుగా చూస్తుండగా, చివరి మంగళహారతి దాకా అలాగే కూర్చున్నాడు. ఒక్కరంటే ఒక్కరు ఏమైందని అడగలేదు. ముసలాయన పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

మర్నాడు పొద్దున్న నేను ఆ ముక్క తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. కొడతాడనుకున్నాను. నాయనమ్మ పాత చీర పీలికలు తెమ్మన్నాడు. కొబ్బరి ఈనెలు విరిచి, నా ఎడమచేతి వేళ్ళకి ఒక్కొక్కదానికీ ఈనె ముక్కలు ఆనించి, వంగకుండా పీలికలతో చుట్టాడు. తీగలు మళ్ళీ మాస్టారు బిగించినంత బిగించి, గిటారు నా ఒళ్ళో పెట్టి, "వాయించు," అన్నాడు. నేను నొక్కాను. ఈనె కణుపులోకి దిగింది. తీగ కదల్లేదు. రెండు చేతులూ పెట్టి నొక్కినంత బలం పెట్టాను, టక్‌మంది. ఆయన మళ్ళీ వాయించమన్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా మళ్ళీ మళ్ళీ వాయించమన్నాడు.

అప్పుడు తీగలు దించి, కొత్త బద్ద పెట్టి, ట్యూబు కట్టాడు. అవే కట్లతో అవే వేళ్ళు పెట్టాను. చిన్నగా, సన్నగా, స్పష్టంగా పలికింది.

"నొప్పి నాది. గిటారు నాది. ఎలాగుండాలో నన్నడగాల గదమ్మా," అన్నాడు తాతయ్య. అంతే. కోపంగా కూడా అనలేదు. నేను మాత్రం ఆ కట్లు విప్పించుకోకుండా ఆయన ఒళ్ళో పడి ఏడ్చాను.

ఆ తరవాతి శనివారం ఆయన మళ్ళీ మందిరానికి వెళ్ళాడు. అందరూ చూస్తుండగా గిటారు మెడకి ట్యూబు కట్టు నా చేత కట్టించాడు. ఆ బడి పిల్లలూ చూశారు, మాస్టారూ చూశాడు. మాస్టారు మీట నొక్కితే గిటారు కలిసింది. తాతయ్య మొదటి పట్టు వేశాడు. పైలోకానికి వెళ్ళే ముందు మూడేళ్ళు ఆ కట్టుతోనే వాయించాడు. కానీ టెక్కలి వాళ్ళు మళ్ళీ మా ఊరు రాలేదు. ఆ నవమి ఆయనకి తిరిగి రాలేదు.

ఇప్పుడు నాకు డెబ్భై. ఇంకా ఆ మాస్టారి మీద నీకు కోపమేమిటని మా అమ్మాయి అడుగుతుంది. కోపమే మరి. ఎందుకుండదు. కానీ నిజం చెప్పాలంటే, ఆయన ఏ కట్టూ విప్పలేదు. విప్పింది నేను. అడిగినప్పుడు లేదన్నదీ నేనే. నా మీద చూపించుకోలేని కోపం అరవై ఏళ్ళుగా లోకం మీద చూపిస్తున్నాను. పలాసలో డాక్టరు నన్నొదిలేసి మా అమ్మాయితో నా మోకాళ్ళ గురించి మాట్లాడితే అరిచేస్తాను. పక్కింటావిడ అత్తగారి కర్ర పొడుగ్గా ఉందని కోయించబోతే వెళ్ళి అడ్డుపడతాను. నోరు పెద్దదంటారు, గయ్యాళినంటారు, అననీ. అలాంటప్పుడల్లా నా నోట్లోంచి వచ్చేది ఒకటే ప్రశ్న, ఆ మనిషిని అడిగారా అని. పందిట్లో గుప్పెట మూసుకుని నిలబడ్డ ఆ పదేళ్ళ పిల్లని ఆవేళ ఎవరైనా, మీ తాతని అడిగావా అని అడిగి ఉండాల్సింది.