బాబాయికి చదవని పేజీ

మా వారపత్రిక ఆఫీసులో నా నోటికి భయపడనివాడు ఒక్కడే. అందరూ అతన్ని బాబాయ్ అంటారు. నాకు సొంత బాబాయి కాదు, మా మతం కూడా కాదు. అయినా మా అమ్మ పోయినప్పుడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా మా గుమ్మంలో నిలబడి, వచ్చేపోయేవాళ్ళకి మంచినీళ్ళందించింది అతనే. అతని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రాస్తే నా గురించి కూడా రాయాల్సి వస్తుందని ఇన్నాళ్ళూ వాయిదా వేశాను.

బాబాయ్ మొదట కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చే రోజులవి. నేను ప్రూఫ్‌రీడరుగా చేరిన మొదటిరోజు చేతిలో సిరా ఆరని ప్రూఫు కాగితం పెట్టి, "చదవకమ్మాయ్, చూడు. చదివావంటే కథలో పడిపోతావ్, తప్పు కళ్ళెదుట ఉన్నా కనపడదు" అన్నాడు. నాకు కోపమొచ్చింది. డిగ్రీ చదివి వచ్చినదాన్ని, నాకు ఇతనెవరు చెప్పడానికి అనుకున్నాను. అరగంటలో నేను పట్టుకున్న తప్పులు నాలుగు. అదే కాగితంలో, అదీ తలకిందులుగా చూస్తూ, బాబాయ్ పట్టుకున్నవి పదకొండు. ఆ రోజునుంచి అతని దగ్గర నోరు మూసుకున్నాను. ఇంకెవరి దగ్గరా మూసుకోలేదు, అది వేరే సంగతి.

ఒకసారి పైనుంచి ఒత్తిడి వచ్చి ఒక వార్తని ఆఖరి నిమిషంలో తీసేయాల్సి వచ్చింది. ఆ ఖాళీలో సబ్బు ప్రకటన పెట్టమన్నాడు అప్పటి మేనేజరు. బాబాయ్ పెట్టలేదు. "తీసేస్తే తీసేశారు. తీసేసినట్టు చదివేవాడికి తెలియొద్దా అండీ?" అని అంత మేరా తెల్లగా వదిలేశాడు. ఆ వారం జనం మిగతా వార్తలు మానేసి ఆ ఖాళీ గురించే మాట్లాడుకున్నారు. మేనేజరు మూడు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు.

తర్వాత సీసం పోయి కంప్యూటర్లొచ్చాయి. ఆ రెండు మూడేళ్ళలోనే బాబాయ్ చూపు కూడా పోవడం మొదలైంది. మనుషులు కనపడతారు, దారి కనపడుతుంది. కాగితం మీది అక్షరం మాత్రం మసక. బొమ్మయితే ఉత్త నల్లమచ్చ. ఆపరేషనుకి లొంగే జబ్బు కాదని డాక్టరు తేల్చేశాడు. ఎడిటరుగారు అతన్ని ఇంటికి పంపకుండా, పత్రిక పంచే పని ఇచ్చారు. ఒక తోపుడుబండి, నాలుగు వీధులు. అందులో ఒకటి అతను పుట్టి పెరిగిన వీధి.

అప్పుడు మొదలైంది మా గురువారం చదువు. పొద్దున్నే పత్రిక కట్టలు దిగగానే బాబాయ్ నా బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చుంటాడు. మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి చివరి పేజీ చివరి చుక్క దాకా నేను చదవాలి. బొమ్మలుంటే వాటిలో ఏముందో చెప్పాలి. "ఏముందో తెలియని సరుకు మోయడానికి నేను గాడిదనా?" అనేవాడు. మధ్యమధ్యలో ఆపి, "ఆ వాక్యం కుంటుతోంది, మళ్ళీ చదువు" అనేవాడు. నిజంగానే కుంటేది. పన్నెండేళ్ళు ఒక్క గురువారం తప్పలేదు. జ్వరమొచ్చిన వారం కూడా మఫ్లరు చుట్టుకుని వచ్చి చదివాను.

బాబాయికి ఇంకో పని ఉంది. వాళ్ళ వీధి చివర ప్రార్థన మందిరం తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. అంతకుముందు వాళ్ళ నాన్న దగ్గరుండేది. తెల్లవారకముందే వెళ్ళి తలుపు తీసి, ఊడ్చి, దీపం పెట్టి గానీ మా ఆఫీసుకి వచ్చేవాడు కాదు. తాళంచెవి నల్లతాడుకి కట్టి మెడలో వేసుకునేవాడు. మాట్లాడుతున్నప్పుడు చొక్కామీదనుంచే దాన్ని తడుముకోవడం అలవాటు. చూపు తగ్గినా ఆ తాళం తీయడానికి తనకి కళ్ళు అక్కర్లేదని గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ మందిరం వెనక నాలుగు గదులుండేవి. దిక్కులేని ముసలివాళ్ళు వాటిలో తలదాచుకునేవాళ్ళు. మందిరం పెద్దలు ఒకరోజు వాళ్ళందరినీ బయటికి పంపించి, గోడలు పడగొట్టించి, తమ కార్లు పెట్టుకోవడానికి చోటు చేసుకున్నారు. ఆ వార్త మాకు మోసుకొచ్చింది ఎవరనుకున్నారు? బాబాయే. స్టూలు మీద కూర్చుని, "మా మతం మొదలుపెట్టిన గురువుగారు తన గుడిసె అడిగినవాడికి ఇచ్చేసి ఆరుబయట పడుకున్న మనిషమ్మా. ఆయన పేరు చెప్పుకుని వీళ్ళు చేసే పని ఇదా?" అని కళ్ళు తుడుచుకున్నాడు. మేం రెండు వారాలు రాశాం. దున్నపోతు మీద వాన కురిసినట్టయింది. కార్లు అక్కడే ఉన్నాయి.

మూడో వారం మా కార్టూనిస్టు ఒక బొమ్మ గీశాడు. అతన్ని మేం గీతలాయన అంటాం. మందిరం గుమ్మం బయట గురువుగారు నేలమీద పడుకుని ఉంటారు. తలకింద పెద్దల ఖరీదైన చెప్పుల కుప్ప. లోపలికి పోతున్న పెద్దాయన ఒకడు వెనక్కి తిరిగి, "మేం ప్రార్థన చేసుకొస్తాం, నువ్వు చెప్పులు చూస్తూ ఉండు" అంటుంటాడు.

మంగళవారం ఎడిటరుగారి గదిలో దానిమీద పెద్ద గొడవ. "వాళ్ళ గురువు తలకింద చెప్పులు పెడితే ఆ పెద్దలకి కాదు, మామూలు జనానికి తగులుతుంది" అన్నాడు సబ్ఎడిటరు. నేను ఊరుకుంటానా? నా నోరు తెలిసిందే కదా. "మెల్లగా రాస్తే వినిపించుకోలేదు. ఎవడి మనసు నొచ్చుకుంటుందోనని కూర్చుంటే ఇక పత్రికెందుకు, గాజుల దుకాణం పెట్టుకుందాం. ఈ బొమ్మ ఆపితే రేపు ఇంకొకటి ఆపమంటారు. చదివేవాడి చేతికి చేరాల్సిందాన్ని మధ్యలో ఆపడానికి మనమెవరం?" అన్నాను. ఆ చివరి మాట నాదే. ఎవరి నోటా విని అన్నది కాదు.

ఎడిటరుగారు చాలాసేపు బొమ్మనే చూశారు. చివరికి, "వేద్దాం. వచ్చేది నా పేరుమీద రానీ" అన్నారు. అందరూ లేచాక నన్నాపారు. "బాబాయికి ముందే చెప్పు. అతనికి ఇష్టం లేకపోతే ఆ వీధికి ఇంకొకర్ని పంపుదాం. బలవంతం వద్దు."

"నేను చెబుతాగా" అన్నాను.

చెప్పలేదు. బుధవారం రెండుసార్లు అతని పక్కనుంచే వెళ్ళాను. రేపు ఎలాగూ చదువుతాగా, అప్పుడే చెబుదామనుకున్నాను. గురువారం పొద్దున స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒక్కో పేజీ చదువుతున్నాను. గొంతు మామూలుగానే ఉంది. నా గొంతు అంత మామూలుగా ఉండటం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. చివరి పేజీ తిప్పాను. బాబాయ్ చొక్కామీదనుంచి తాళంచెవి తడుముకుంటున్నాడు.

"చివర్లో ఏంటమ్మా?"

"ఏముంది, ఎప్పుడూ ఉండేదే. గీతలాయన పిచ్చిగీతలు" అన్నాను.

నవ్వాడు. "వాడికేం పనిలేదు" అని లేచి, కట్టలు బండిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆ బండి చక్రం కీచుమంటూనే ఉంది. పిలవాలనుకుంటే పిలవగలిగేదాన్ని.

మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది. పిన్నంటే బాబాయ్ భార్య. ఏడుస్తోంది. ఆ వీధిలో పత్రిక తెరవగానే జనం గుంపుగా మూగారట. "మన గురువుగారి తలకింద చెప్పులు పెట్టిన కాగితం నువ్వే తెచ్చి పంచుతావా?" అని నిలదీశారట. బాబాయ్ నమ్మలేదు. మందిరం గుమ్మంమీద చెయ్యి పెట్టి, "ఇందులో గురువుగారి బొమ్మే లేదు. మా అమ్మాయి పొల్లు పోకుండా చదివి వినిపించింది. ఆ పిల్ల అబద్ధమాడదు" అని అందరిముందూ ప్రమాణం చేశాడట. అప్పుడు పిన్ని కాగితం తీసుకుని చూసి, ఉన్నదున్నట్టు అతని చెవిలో చెప్పిందట.

పెద్దలు వచ్చారు. ఎవరి కార్ల గురించి రాశామో ఆ పెద్దలే. బాబాయ్ మీద వాళ్ళకి ముందునుంచీ గుర్రుగానే ఉంది. "తెలిసి తెచ్చి దొంగ ప్రమాణం చేశావా? లేక నీకు తెలియకుండా ఎవరైనా దాచారా? దాచారంటే ఆ దాచినవాళ్ళు రేపు సాయంత్రం మా ముందుకొచ్చి చెప్పాలి. లేకపోతే తాళంచెవి ఇచ్చెయ్" అన్నారట.

ఆఫీసుకి బెదిరింపు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎవరో మా బోర్డుకి తారు పూసి పోయారు. ఎడిటరుగారు తొణకలేదు. నాక్కూడా వాటికి భయం వేయలేదు. నాకు భయం వేసింది బాబాయ్ మొహం చూడటానికి.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. గోడకి మేకుకి అతని పని చొక్కా వేలాడుతోంది. బాబాయ్ మంచంమీద కూర్చుని ఉన్నాడు. పిన్ని నాకు కుర్చీ వేసింది కానీ ఎప్పటిలా పలకరించలేదు.

"బాబాయ్, తప్పు నాదే" అన్నాను. "ఎడిటరుగారు నీకు చెప్పమనే అన్నారు. నేనే చెప్పలేదు. రేపు నేనొచ్చి వాళ్ళందరిముందూ ఒప్పుకుంటాను. తాళంచెవి ఎక్కడికీ పోదు."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని."

"అదొక్కటేనా?"

తల దించుకున్నాను. "నువ్వు వద్దంటావేమోనని."

"వద్దనేవాణ్ణో, వేయమనేవాణ్ణో. ఇప్పుడెలా తెలుస్తుందమ్మా?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది. "తెలిసుంటే నాకిష్టమైతే తలెత్తుకుని పంచేవాణ్ణి. ఇష్టం లేకపోతే బండి అక్కడే వదిలేసి ఇంటికొచ్చేవాణ్ణి. అచ్చు వేయడానికి మీకు హక్కుంది, కాదనను. వినడానికి నాకు లేదా? ఊరందరికీ చూపించి నా ఒక్కడికే దాచావే."

మంగళవారం ఎడిటరుగారి గదిలో అన్ని మాటలు మాట్లాడిన నోరు అక్కడ పెగల్లేదు. ఎవరో పైవాళ్ళు వచ్చి పేజీ ఆపితే వీధికెక్కి అరిచేదాన్ని. నా అంతట నేనే, అక్షరం కనపడని మనిషికి, నాకు పని నేర్పిన మనిషికి పేజీ ఆపేశాను.

"కాగితం తెచ్చావా?" అన్నాడు.

సంచిలో ఉంది.

"అయితే చదువు. ఇవాళ మిగిలిపోయింది కదా, ఇప్పుడు చదువు. ఉన్నదున్నట్టు చదువు."

"అలాగే బాబాయ్, ఉన్నదున్నట్టే చదువుతాను" అని చివరి పేజీ తిప్పాను. మందిరం గుమ్మం గురించి చెప్పాను. గోడ పక్కన కార్లున్నాయని చెప్పాను. పెద్దాయన ఎంత లావుగా ఉన్నాడో చెప్పాను. దానికి పిన్ని కూడా తలెత్తి చూసింది. "గుమ్మం బయట గురువుగారు ఉన్నారు" అన్నాను. కింద రాసిన మాటలు చదివాను. బాబాయ్ చెయ్యి తాళంచెవిని గట్టిగా పట్టుకుని ఉంది. కాగితం మడిచేశాను.

"అంతేనా?"

"అంతే బాబాయ్."

"గురువుగారు ఉన్నారన్నావ్. ఎలా ఉన్నారు? నిలబడా, కూర్చునా?"

మడిచిన కాగితాన్ని మళ్ళీ మడిచాను.

"పడుకున్నారట కదమ్మా. తలకింద ఏవో ఉన్నాయట. మీ పిన్ని పొద్దునే చెప్పింది. నాకు తెలియక అడగలేదు."

"బాబాయ్, నీ మొహం చూసి చెప్పలేకపోయాను. ఒట్టు, మనసులో ఇంకేం లేదు."

"తెలుసు. పొద్దున కూడా నీ మనసులో ఇంకేం ఉండి ఉండదు." తాళంచెవి మీదనుంచి చెయ్యి తీశాడు. "రేపు నువ్వు రావద్దు."

"వస్తాను. చెప్పకపోతే నీ తాళంచెవి..."

"నువ్వొచ్చి చెబితే వాళ్ళు నావైపు తిరిగి, ఈమె మాట నమ్మొచ్చా అని అడుగుతారు. పొద్దున అదే గుమ్మంమీద చెయ్యి పెట్టి నీ మాటకి పూచీ పడ్డాను. మళ్ళీ ఎలా పడను?"

"రేపు నిజమే చెబుతాను బాబాయ్."

"ఇందాకా అదే అన్నావమ్మా."

పిన్ని లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఇంకాసేపు కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏమవుతుందో నాకు ఆ కుర్చీలో బాగా తెలిసింది. వచ్చేటప్పుడు, "మెట్టు చూసుకో, చీకటి పడుతోంది" అన్నాడు బాబాయ్. చూపు సరిగా ఆనని మనిషి నాకు మెట్టు చూసుకోమని చెప్పాడు.

మర్నాడు సాయంత్రం అతను నల్లతాడుతో సహా తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా వచ్చేశాడని పిన్ని చెప్పింది. దాచింది ఎవరని ఎంత అడిగినా నా పేరు చెప్పలేదట. ఆ రాత్రి నిద్రపోకుండా, తెల్లవారకముందే అలవాటుగా లేచి, చెప్పులేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడట.

అతనిక ఆఫీసుకి రాడనుకున్నాం. గురువారం వచ్చాడు. ఎడిటరుగారు ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నారు. "అక్షరాలమీద అలిగి ఎక్కడికి పోతానండీ" అన్నాడు బాబాయ్. నేను అప్పటికే మొదటి పేజీ తీసి పెట్టుకుని, స్టూలు కూడా తుడిచి ఉంచాను. అతను నా బల్ల దగ్గరికొచ్చాడు. స్టూలు పట్టుకుని ఎత్తి, నాలుగు అడుగుల అవతల కంప్యూటరు ముందున్న టైపిస్టు పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"తల్లీ, నీకు తీరికుందా?" అన్నాడు. ఆ పిల్ల కంగారుగా నావైపు చూసింది. చదవమని తలూపాను. ఇంకేం చేయను?

"ఎక్కణ్ణుంచి చదవమంటారు బాబాయ్?"

"ముందు చివరి పేజీ చదువమ్మా" అన్నాడు. "తర్వాత మిగతావి."