బతికున్న మనిషికి ఓదార్పు ప్రార్థన

మా వదినది కుట్టుపని. చర్చిలో మాత్రం ఆమె చెయ్యని పని లేదు. తలుపులు తియ్యడం, బెంచీలు తుడవడం, పిల్లలకు వాక్యాలు నేర్పడం, రోగుల్ని చూసి రావడం, చావు జరిగిన ఇంట్లో ప్రార్థన చెయ్యడం, అన్నీ ఆమె నెత్తినే. కాదనడం ఆమెకు చేతకాదు. అది తెలిసి అందరూ వాడుకున్నారు, పాస్టరుగారితో సహా. నాకు ఒళ్లు మండేది.

"ఒక్క ఆదివారమైనా కూర్చుని ప్రసంగం విన్నావా వదినా?" అన్నాను ఒకసారి.

"మైకు ఎవరు చూస్తారు మరి?" అంది.

పొద్దున్నే బైబిలు పట్టుకుని ఒంటరిగా కూర్చునే అలవాటు ఆమెకు పెళ్లికి ముందు నుంచీ ఉండేది. అది ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. కళ్లు మూసుకుంటే నిద్ర ముంచుకొచ్చేది. నలుగురి ముందు మాత్రం ప్రార్థన గడగడా వచ్చేసేది.

ఆ వారం వరసగా చావులు. సమాధుల తోట నుంచి వదినా నేనూ నేరుగా వడ్రంగి తాత ఇంటికి వెళ్లాం. ఆయన మంచాన పడి చాలాకాలమైంది. వదిన మంచం పక్కన నిలబడి కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. "ప్రభువా, నీ దాసుణ్ణి నీ సన్నిధికి చేర్చుకున్నావు. ఈ కుటుంబాన్ని ఓదార్చు..."

 తాత భార్య గబగబా ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. నేను వదిన చెయ్యి గిల్లాను. ఆగితేనా! ఆమేన్ దాకా చెప్పేసింది.

"అమ్మా, నేనింకా పోలేదు," అన్నాడు తాత.

 వదిన అక్కడే కూలబడిపోయింది.

"దేవుడితో నేను మాట్లాడి ఎన్నాళ్లయిందో తాతా. నోరు దానంతటదే వాగుతోంది. లోపల ఏమీ లేదు. నిజమైన ప్రార్థన ఇక ఎప్పటికీ రాదేమోనని భయంగా ఉంది."

"నాకోసం ప్రార్థన చేసి వెళ్లిపోయేవాళ్లు బోలెడుమంది. నువ్వు ఊరికే కూర్చో," అన్నాడాయన. చెయ్యి ఆమె తల మీద పెట్టి, ఆమె కోసం తనే ప్రార్థించాడు. మా వదిన కోసం ఒకరు ప్రార్థించగా అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు వదిన చర్చి తాళాలు పాస్టరుగారికి ఇచ్చేసింది.

"మరి ఎవరు తీస్తారమ్మా?"

"తెలీదు అయ్యగారూ."

ఆదివారం జనం తలుపు బయట నిలబడి సణుక్కున్నారు. వదిన వాళ్ల మధ్యే నిలబడింది, తల దించుకుని. మళ్లీ పొద్దున్నే కుట్టుమిషను తొక్కేముందు బైబిలు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. చాలా రోజులు ఒక్క మాటా వచ్చేది కాదు. అయినా కూర్చునేది.

కొన్నాళ్లకు తాత నిజంగానే పోయాడు. సమాధి దగ్గర పాస్టరుగారు అలవాటుగా వదిన వైపు చూశారు.

"ఇవాళ నావల్ల కాదయ్యగారూ," అంది వదిన. "నన్ను ఏడవనివ్వండి."