మూడు వానలు తాగిన బూడిద

కోదాడ రోడ్డు పక్కన నర్సరీలో బాలనర్సమ్మ పదకొండేళ్లుగా నీలి సాల్వియాను చావకుండా కాస్తోంది. చలికాలమంతా విరగబూసే ఆ మొక్క మన ఎండలకు మాడుతుంది. మాడకుండా మిగిలితే ముసురుకు వేరు కుళ్లుతుంది. అందుకే ఏటా శ్రావణంలో ముదురు చెట్ల కొసలు కత్తిరించి, ఊక బూడిదలో గుచ్చి కొత్త మొక్కలు లేపుతుంది. ఎవరూ నేర్పలేదు. ఎన్నిటినో చంపుకుని నేర్చుకుంది.

"మిర్యాలగూడ మిల్లులకెల్లి కొత్తగ వచ్చిన బూడిద కారం లెక్కుంటది బిడ్డా. మూడు వానలు తాగినంకనే సల్లవడ్తది," అని మొక్కలు కొనబోయిన నాకు చెప్పింది. పూత లేని కొస, కణుపు కింద కోత, పొద్దు వాలినంక నీళ్లు బంద్. ఆమె చదువంతా ఇదే.

ఈ యేడు సూర్యాపేట ఫంక్షన్ హాలు వాళ్లు దీపావళికి మూడు వందల మొక్కలు అడిగారు. "ఇవి నిలబెట్టు, మొలకల షెడ్డుకు నువ్వే మేస్త్రివి," అన్నాడు ఓనరు నాగేశ్వర్ రావు. ఆ మాట పెన్‌పహాడ్‌లో ఇల్లు చేరేదాకా ఆటోలో అందరికీ చెప్పుకుంది.

ఓనరు కొడుకు భానుప్రకాష్ ఆగలేదు. ఆ పొద్దే దిగిన బూడిదను ట్రేలలో నింపించాడు.

"జర ఆగు చిన్న సేటూ. ఇంక ఒక్క వాన గూడ పడలే."

"బూడిదకు కూడా స్నానాలా నర్సమ్మా? నువ్వు గుచ్చు."

గుచ్చింది. వీడియోలో చూశానంటూ పైన పాలిథిన్ కప్పించాడు. ఆ ఉక్కలో ఐదో రోజుకు కాడలన్నీ నల్లబడ్డాయి.

నాగేశ్వర్ రావు ట్రేలు చూశాడు, కొడుకును చూడలేదు. "పదకొండేళ్ల చెయ్యి ఇదేనా?" అన్నాడు ఆమెతో.

నర్సరీ చెట్లకు ఇక కొసలు మిగల్లేదు. ఇంటి వాకిట్లో పాత పెయింటు డబ్బాల్లో ఇరవై సాల్వియా చెట్లున్నాయి ఆమెకు. వాటిని మోళ్లు చేసి, కొసలు తడి గుడ్డలో చుట్టి తెచ్చింది. షెడ్డు వెనక వానకు నానిన పాత బూడిద కుప్పలో గుచ్చింది. భానుప్రకాష్ పక్కనే నిలబడి ప్రతి పనీ ఫోన్లో తీసుకున్నాడు. పిల్లగానికి బుద్ధొచ్చిందని మురిసి, అడగనివి కూడా చెప్పింది.

మూడు వందల మొక్కలూ పూతతో దీపావళికి అందాయి. ఇంటి దగ్గరి మోళ్లు మాత్రం ముసురుకు కుళ్లి, డబ్బాలు ఖాళీ అయ్యాయి.

"మావాడు అంతా నేర్చుకున్నాడుగా. షెడ్డు వాడు చూసుకుంటాడు, నువ్వు సాయంగా ఉండు," అన్నాడు నాగేశ్వర్ రావు.

"నువ్వేమన్నవమ్మా?" అని అడిగాను.

"ఏమంట? ట్రేలు కడుగవొయిన."

తర్వాతి సంగతీ తనే చెప్పింది. మొన్న కొత్త లోడు వచ్చిందట. "నర్సమ్మా, ఈ బూడిద పనికొస్తుందా, చూడు," అని పిలిచాడట భానుప్రకాష్.

"ఏలు పెట్టి సూసిన బిడ్డా. సురుక్కుమన్నది."

"మరి?"

"నీ ఫోన్ల సూస్కో సేటూ అన్న. చేతులు కడుక్కొని అవుతలికి వొయిన."