గోల్ ఘర్‌లో బ్యాటరీలు కొన్న పూట

నా కొడుకు ఎడమ చేతి వేళ్లు రెండు విరగడానికి కారణం నేను. కొట్టింది వేరేవాడు. కానీ నేను ఒక్క మాట ముందు చెప్పి ఉంటే ఆ దెబ్బ పడేది కాదు. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే కాబట్టి రాయడానికి నాకు సిగ్గేమీ లేదు.

మాది పోర్ట్ బ్లెయిర్‌కి అవతలి ఒడ్డున హోప్ టౌన్. సముద్రానికి ఎదురుగా రేకుల ఇల్లు. కొడుక్కి డీజిల్ పికప్ బండి ఉంది. చేపల ట్రేలు, ఐసు తోలతాడు. వాడు, కోడలు, ముగ్గురు మనవలు, నేను, అందరం ఆ బండి సంపాదన మీదే తింటాం. దానికి బ్యాటరీలు రెండు. రెండూ గట్టిగా ఉంటేనే సెల్ఫ్ తీసుకుంటుంది. అలాంటిది కొని ఏడాది తిరక్కుండానే రెండూ నీరసించిపోయాయి. వారం రోజులు పక్కింటి బండితో కేబుళ్లు కలిపి స్టార్ట్ చేసుకున్నాడు.

"వారంటీ ఉందమ్మా. మార్చి ఇవ్వక ఏటి చేస్తాడు?" అన్నాడు.

కొనడమైనా మార్చడమైనా మా ఇంట్లో నేను లేకుండా జరగదు. నేనూ బండెక్కాను.

పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలంటే బండిని ఓడ మీద అవతలికి దాటించాలి. ఓడలోకి ఎక్కించి ఇంజన్ ఆపమన్నారు, ఆపాడు. అవతలి ఒడ్డున చాతమ్ జెట్టీలో దిగే వేళకి మళ్లీ అందుకోలేదు. సెల్ఫ్ టక్కుమంది, అంతే. వెనక లారీలు, జీపులు ఒకటే హారన్లు. ఒక జీపు డ్రైవరు దిగి వచ్చి బానెట్ మీద దబదబా గుద్దాడు.

"కబాడీ గాడీ, తుక్కు బండి తెచ్చి రాస్తా రోకుతావేట్రా! నీ అమ్మని దిగి తొయ్యమను!"

నేను పక్క సీట్లోనే ఉన్నాను. నా కొడుకు తలుపు తీసిన విసురుకే ఆ మనిషి రెండడుగులు వెనక్కి పోయాడు. తర్వాత పిడిగుద్దు. ముక్కు పగిలి రక్తం చొక్కా మీదకి కారింది. ఓడ మీద మనుషులు వాళ్లిద్దర్నీ విడదీసి, పదిమంది కలిసి బండిని ర్యాంపు మీదకి తోశారు. ఆ తోపుకే ఇంజన్ అందుకుంది. బ్యాటరీల షాపు ఉన్న గోల్ ఘర్ దాకా వాడు బండిని విసురుగా తోలాడు. స్టీరింగ్ మీద వాడి పిడికిలి ఎర్రగా కమిలి ఉంది. వాడి కోపం ఇంకా దిగలేదని తెలుస్తూనే ఉంది. దారిలో ఎక్కడైనా ఆపి నాలుగు గుక్కలు మంచినీళ్లు తాగించాల్సింది. ఆలస్యం అవుతుందని ఊరుకున్నాను.

బ్యాటరీల షాపు నడిపేది మన తెలుగువాళ్లే, అన్నదమ్ములిద్దరు. అన్న కౌంటర్లో కూర్చుంటాడు, తమ్ముడు బిగింపు పని చేస్తాడు. తమ్ముడు రెండు బ్యాటరీలూ దింపి బల్ల మీద పెట్టాడు. అన్న మూతలు విప్పి, రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టం లోపల పెట్టి బుడ్డి నొక్కి వదిలాడు. గొట్టంలోకి తుప్పు రంగు నీళ్లు ఎక్కాయి.

"ఇందులో డిస్టిల్డ్ వాటర్ పొయ్యలేదు భయ్యా. వారంటీ రాదు."

"నేను మీ షాపులో కొన్న నీళ్లే పోస్తున్నాను."

"మా నీళ్లు ఇలా ఎర్రగా ఉండవు. ఏ డ్రమ్ము నీళ్లో పోసేసి ఇప్పుడు ఇక్కడికొచ్చి..."

"నేను ఝూట్ చెప్తున్నానా?"

నా కొడుకు అబద్ధం చెప్పడం లేదు. వాడు డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొని తెచ్చి షెడ్డులో పెట్టేవాడు, దాంట్లోంచే పోసేవాడు. ఆ డబ్బాలో నీళ్లు తగ్గినప్పుడల్లా వాడికి చెప్పకుండా నింపేది మాత్రం నేను. మా దీవుల్లో కుళాయి రోజూ రాదు. రేకుల మీంచి జారే వాననీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుని తాగుతాం, వండుకుంటాం. ఆకాశం నుంచి పడే నీటికంటే శుభ్రమైనది కంపెనీవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు అనుకున్నాను. గుడ్డలో వడగట్టి మరీ పోసేదాన్ని. సముద్రపు గాలికి మా రేకులు తుప్పు రాలుస్తాయనీ, ఉప్పు పేరుకుంటుందనీ నాకు తెలియక కాదు. మేకులు రెండేళ్లకోసారి మార్పిస్తున్నది నేనే. అయినా ఆ సంగతీ ఈ సంగతీ కలిపి చూసుకోలేదు.

అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. చెబితే రెండు కొత్త బ్యాటరీలు చేజారతాయి. వీడు గట్టిగా అడిగితే షాపువాడు మెత్తబడతాడేమో అని చూశాను.

"నీలాంటి చోరుల్ని రోజూ చూస్తున్నాను" అన్నాడు షాపువాడు.

నా కొడుకు వాడి కాలరు పట్టుకుని ముందుకు లాగి, మొహాన్ని కౌంటరు అద్దానికేసి కొట్టాడు. అద్దం పగిలింది. పెదవి చీలి, పళ్ల నిండా రక్తం. తమ్ముడు లోపల్నుంచి జాకీ రాడ్ తీసుకుని పరిగెత్తి వచ్చాడు. మొదటి దెబ్బ నా కొడుకు భుజం మీద పడింది. వాడు బల్ల మీద ఎడమ చెయ్యి ఆన్చి నిలదొక్కుకున్నాడు. రాడ్ మళ్లీ లేచింది. నేను నోరు తెరిచాను, మళ్లీ మూసుకున్నాను. రెండో దెబ్బ ఆ చేతి వేళ్ల మీద పడింది. కర్ర విరిగినట్టు చప్పుడైంది.

"నేనే పోశాను!" అని అరిచాను. "వాననీళ్లు నేనే పోశాను, వాడికి తెలీదు, నన్ను కొట్టండి!"

మూడోసారి ఎత్తిన రాడ్‌కి నా చెయ్యి అడ్డం పెట్టాను. తమ్ముడు ఆపుకోలేకపోయాడు, అది నా మణికట్టు మీద పడింది. చేతి గాజు పగిలి మాంసంలో దిగింది. అప్పటికి ఆగారు.

షాపంతా రొప్పులే. నా కొడుకు తువ్వాలు చేతికి చుట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. రోడ్డు మీద జనం మూగారు. ఎవరో పోలీసుకి చెప్దామన్నారు.

"పోలీసులు వద్దు. ముందు చెయ్యెత్తింది నా కొడుకే" అన్నాను. "బ్యాటరీలు చూపించు. బండి కదలాలి, ఆసుపత్రికి పోవాలి."

"ఇప్పుడేంటి పెద్దమ్మా, ఆటో పిలుస్తాను" అన్నాడు అన్న, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని.

"బండిని నీ గుమ్మంలో వదిలి పోతే రేపు చేపలు ఎవరు తోలతారు? చూపించు."

ఎదురుగా కొడుకు మూలుగుతున్నాడు, నేను బ్యాటరీలు ఏరుతున్నాను. నేను చదివింది మూడో తరగతి దాకానే, కానీ అంకెలు నన్ను మోసం చెయ్యవు. ఇక్కడికి సరుకు ఓడలో వస్తుంది, వచ్చాక నెలలు నెలలు గోడౌన్లో పడి ఉంటుంది. అందుకని పైన గుద్దిన తయారీ నెల చూడాలి. మొదట తెచ్చిన రెండింట్లో ఒకటి నిరుటిది. వెనక్కి పంపించాను. తమ్ముడు ఒకటి కొత్తది, ఒకటి చార్జింగ్ పెట్టిన పాతది వేసుకోమన్నాడు, చౌకని.

"పాతది కొత్తదాని ప్రాణం కూడా తీస్తుంది. నాకు రెండూ ఒకే నెలవి, ఒకే సైజువి కావాలి. నీళ్లు పొయ్యక్కర్లేని రకం ఉందా?"

ఉంది, ధర ఎక్కువ. జీవితంలో మొదటిసారి బేరం ఆడకుండా ఒక వస్తువు తీసుకున్నాను.

తమ్ముడే బిగించాడు. టెర్మినళ్లకి గ్రీజు రాశాడు. తాళం తిప్పగానే ఇంజన్ గర్జించింది. కానీ గేరు వెయ్యాల్సిన చెయ్యి తువ్వాల్లో ఉంది. తోలేవాడు లేడు.

"నేను తోలతాను" అన్నాడు తమ్ముడు, తల దించుకుని.

అలా వేళ్లు విరగ్గొట్టినవాడు స్టీరింగ్ దగ్గర, నేను మధ్యలో, నా కొడుకు తలుపు పక్కన కూర్చుని బయల్దేరాం. కొంత దూరం పోయాక నా కొడుకు నా వైపు తిరిగాడు.

"రెండో దెబ్బకి ముందు నువ్వు నోరు తెరిచి మూసుకున్నావు. నేను నీ మొహమే చూస్తున్నాను. దేనికమ్మా ఆగావు?"

"బ్యాటరీలు ఇస్తాడేమోనని."

బాగున్న చెయ్యి లేచింది. నా చెంప మీద పడింది. చెవిలో గుయ్యిమంది. తమ్ముడు రోడ్డు మధ్యలో బ్రేకు తొక్కాడు.

"అరే, పాగల్ హై క్యా! అమ్మని కొడతావా?"

నోట్లో ఉప్పగా తగిలింది, మింగాను. నా కొడుకు కిటికీ వైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"నువ్వు బండి ఆపకు బాబూ" అన్నాను. "వేళ్లు వాచిపోతున్నాయి. తోలు."