తెర మీద ఇంకొకరి బాణం

ఆ మనిషిని నేను ఇప్పటికీ చూడలేదు. చిట్యాలలో హైవే పక్కన కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతాడని మాత్రం తెలుసు. అయినా అతనంటే నాకు పడదు. ఎందుకు పడదో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది నారాయణపేట. నేను చీరలు నేస్తాను. నా భార్యది నందికొండ. వాళ్ల నాయిన డ్యామ్ దగ్గర కాలువల ఆఫీసులో పనిచేసేవాడు. ఆ కాలనీలో ఉన్నప్పుడే ఆమె కంప్యూటర్ నేర్చుకుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో మగ్గం పని నేర్పుదామని చూశాను గానీ ఆమెకు దాని మీద మనసు పోలేదు. ఒక పాత సిస్టమ్ కొనిపించుకుని చీరల అంచులకు డిజైన్లు వేయడం మొదలుపెట్టింది. తెర మీద చిన్న చిన్న గళ్లు ఉంటాయి, వాటిలో రంగు నింపుతూ పోతుంది. ఆ బొమ్మను అట్టలకు ఎక్కించి మగ్గం పైన కడితే, అదే చీర అంచులో దిగుతుంది.

ఏ అంచయినా నేను చూసి సరే అన్నాకే మగ్గం మీదికి రావాలన్నది మా ఇద్దరి మధ్య ఆనవాయితీ. "ఏమయ్యా, జర వచ్చి చూడు" అని పిలుస్తుంది. నేను పోగును అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ, కావాలనే కాస్త ఆలస్యంగా వెళ్తాను. నా నేత గురించి ఆమె ఏనాడూ ఒక్క ముక్క అనలేదు. మెచ్చుకునే మనిషి కాదు. ఇన్నేళ్లూ ఆ పిలుపునే మెప్పు అనుకుని సరిపెట్టుకున్నాను. నా చేతి పని మీద కాకపోయినా నా కంటి మీద ఆమెకు నమ్మకం ఉందని అనుకునేవాణ్ని.

అలాంటి రోజుల్లో సిస్టమ్ మొండికేసింది. డిజైన్లు వేసే ప్రోగ్రామ్ కొత్తది వేసుకోవాలంటే ముందు సిస్టమ్ అప్‌డేట్ కావాలట. అది ఎంతకీ కాదు. తెర నీలంగా మారుతుంది, అంకెలు పెరుగుతూ పోతాయి, తొంభై దాటి ఇక అయిపోయింది అనుకునేసరికి అప్‌డేట్ కుదరలేదని చెప్పి మళ్లీ మొదటికి వస్తుంది. మా చీరలు కొనే హైదరాబాద్ షావుకారు పెళ్లిళ్ల కోసం అడిగిన అంచులు కొత్త ప్రోగ్రామ్‌లోనే కావాలన్నాడు.

నేను ఊరుకోలేదు. డబ్బా విప్పి దుమ్ము తుడిచాను. నెట్ వైరు మార్చాను. బందు చేసి, మళ్లీ వేసి, మళ్లీ బందు చేశాను. మగ్గంలో పోగు తెగితే ఎక్కడ తెగిందో నా వేలికే తెలుస్తుంది. ఈ డబ్బాలో ఎక్కడని వెతకాలి?

"నువ్వు జర పక్కకు జరుగు. దీన్ని తెలిసినోళ్లకు చూపియ్యాలె" అంది ఆమె. ఆ మాటకే నాకు సగం మండింది.

వాళ్ల తమ్ముడు చిట్యాల మనిషి నంబరు ఇచ్చాడు. అతను ఇక్కడిదాకా రానక్కర్లేదట, అక్కడ కూర్చునే చేస్తాడట. ఆమె అతను చెప్పిన ప్రోగ్రామ్ ఏదో సిస్టమ్‌లో వేసి, తెర మీద వచ్చిన అంకెలు ఫోన్లో చదివి చెప్పింది. అంతే, బాణం గుర్తు దానంతట అది కదిలింది. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. ఆమె మౌస్ ముట్టుకోవడం లేదు. ఆమె రోజూ కూర్చునే చోట, ఆమె కళ్ల ముందు, ఎవడో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పక్క గదిలో మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నాకు తలుపు సందులోంచి అదంతా కనిపిస్తూనే ఉంది.

అతను ఏవేవో తెరిచాడు, ఆపాడు, మళ్లీ నడిపించాడు. మధ్యలో ఏదో అన్నాడు, ఆమె గట్టిగా నవ్వింది. నేను జోక్ చెప్తే పెదవి కూడా కదపని మనిషి. నాడె కావాలనే జోరుగా కొట్టాను. ఆమె లేచి వచ్చి తలుపు దగ్గరికి వేసి పోయింది.

ఇక కూర్చోలేకపోయాను. మంచినీళ్ల వంకతో లేచి ఆ గదిలోకే వెళ్లాను. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"అక్కా, దొరికింది. అప్‌డేట్ దిగనీకి జాగనే లేదు. నిండా ఇవే ఉన్నయ్. ఒక్క అంచుకు గిన్ని కాపీలేంది? ఏ ఒక్కటి తీసెయ్యలేదు. ఎవరు చెప్పిన్రు నీకు గిట్ల దాచుకోమని?"

చెప్పింది నేనే. మా వాళ్లు మగ్గాన్ని ఎన్నడూ ఖాళీ చేయరు. చీరలు కోసి తీశాక పాత పడుగు, అంటే నిలువు పోగుల, కొసలను అలాగే వదిలి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. మగ్గం బోసిగా ఉంటే ఇంటికి మంచిది కాదని మా బాపు ఒప్పుకునేవాడు కాదు. సిస్టమ్ ఇంట్లోకి వచ్చినప్పుడు నేనూ ఆమెకు అదే చెప్పాను. పాతదేదీ తీసేయొద్దు, పాతదాంట్లోంచే కొత్తది పుట్టాలి అన్నాను. ఆమె అక్షరాలా అలాగే చేసింది. పాత అంచు తెరవడం, రెండు గళ్లు మార్చడం, కొత్త పేరుతో దాచడం.

ఆమె నా వంక ఒకసారి చూసింది. "మా ఇంట్ల గంతే తమ్మీ" అంది ఫోన్లో.

నన్ను పట్టివ్వలేదు. దానికి నేను సంతోషించాలి. కానీ నాకు వినపడింది "తమ్మీ" ఒక్కటే.

పాతవన్నీ వేరే డిస్కులోకి మార్చడం మొదలైంది. ఏది ఉంచాలో ఏది పంపాలో చూసుకోవడానికి ఆమె ఒక్కో అంచూ తెరుస్తోంది. పసుపు చీరకు వేసిన రుద్రాక్ష అంచు దగ్గర బాణం ఆగింది.

"అక్కా, గీ చిలకపచ్చ కాడ బాటిల్ గ్రీన్ పెడితే ఎట్లుంటది? పసుపు ఇంకా తేలుతది."

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పక్కన ఇంకో కాపీ తెరిచి రంగు మార్చేసింది.

"మెకానిక్ వచ్చి రంగులు చెప్పుడేంది? నీ పని నువ్వు చూసుకో!" అని అరిచాను. గ్లాసులో నీళ్లు నా చేతి మీదే ఒలికాయి.

ఫోన్లో అతను గొంతు తగ్గించాడు. "తప్పుగ అనుకోకన్నా. మా బాపు గూడ నేసేటోడు. ఇంట్ల మగ్గం చూస్తనే పెరిగిన. నోరాగలే" అన్నాడు.

అది ఇంకా ఘోరం. నాకు తెలిసింది మగ్గమొక్కటే. ఆమెకు తెలిసింది కంప్యూటర్. వాడికి రెండూ తెలుసు. రెండింటి గురించీ ఆమెతో మాట్లాడగలడు. నేను గుంటలోకి పోయి కూర్చున్నాను.

అప్‌డేట్ మొదలైంది. ఇది కూడా తొంభై దాటి బొక్కబోర్లా పడితే బాగుండు అనుకున్నాను. షావుకారు అంచులు పోయినా పర్వాలేదు అనిపించింది. కానీ ఆగలేదు. ఈసారి నూరుకు చేరి, సిస్టమ్ మళ్లీ లేచి నిలబడింది. ఆమె ఆనందంగా అతనికి చెప్పి ఫోన్ పెట్టేసింది.

"ఏమయ్యా, జర వచ్చి చూడు."

వెంటనే లేచాను. తెర మీద రెండు అంచులూ పక్కపక్కన ఉన్నాయి. "ఏది నేద్దాం?" అంది. మొదటిదే అనాలని నోటిదాకా వచ్చింది. కానీ చూస్తూ చూస్తూ ఎలా అంటాను? బాటిల్ గ్రీన్ పక్కన ఆ పసుపు నిజంగానే వెలుగుతోంది. ఆమె దగ్గర నాకు మిగిలింది ఈ కన్ను ఒక్కటే. దాన్ని కూడా అబద్ధం చేసుకుంటే నన్ను ఇక ఎందుకు పిలుస్తుంది?

"రెండోది" అన్నాను.

"నేనూ గదే అనుకున్న" అంది, నా వైపు తిరగకుండానే.

ఆ చీరను కసిగా నేశాను. రంగు బాగుంది, నేతే బాగాలేదు అని ఎవరూ అనకూడదని ఒక్కో పోగూ చూసుకుంటూ నేశాను. సగం అయ్యాక ఆమె వచ్చి మగ్గం మీదే ఫోటో తీసింది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఎలా ఉందో నాతో అనలేదు. ఫోటో చిట్యాలకు పంపింది. కాసేపటికి ఫోన్ మోగితే తీసి చదువుకుని నవ్వుకుంది.

"ఏమన్నడట?" అన్నాను, నాడె ఆపకుండా.

"రంగు సంగతి అటు పెట్టు, అన్న చెయ్యి శాన సాఫ్ ఉన్నదని రాసిండు. గింత మంచి అంచు వాళ్ల బాపు గూడ నెయ్యలేదట."

నాడె ఆగిపోయింది. ఆ మాట ఆమె నోట వినాలని ఎన్నేళ్లుగానో ఆశపడ్డాను. ఆరోజు ఆమె నోటనే విన్నాను. మాట మాత్రం అతనిది.