బల్ల కోసం కొండ దిగిన నాయనమ్మ

పంతొమ్మిది వందల ఇరవైల్లో మా అరకు కొండల్లో కడుపులో బల్ల లేని పిల్లలు లేరు. వానలు వెనకబట్టగానే చలిజ్వరం వచ్చేది. అది వచ్చి పోయినప్పుడల్లా ఎడమ పక్కటెముకల కింద ప్లీహం వాచి గట్టిపడేది. దాన్నే మేం బల్ల అనేవాళ్లం. ఊరందరిలోకీ నాదే పెద్దది, ఏకంగా బొడ్డు దాకా దిగింది! పొట్ట బయటపెట్టుకుని మహా గొప్పగా తిరిగేదాన్ని. దాన్ని కరిగిస్తానని మా నాయనమ్మ కొడవలి కాల్చి వాతలు పెట్టింది. బల్ల కరగలేదు సరికదా, చాన్నాళ్లు ఆవిడతో నాకు మాటల్లేవు.

ఒకరోజు చోడికంకి చూపించి మేకపోతును ఏడిపిస్తున్నాను. అదేమన్నా ఊరుకుంటుందా? ఒక్క కుమ్ము కుమ్మింది! పడ్డాను, లేచాను, నవ్వాను కూడా. సాయంత్రానికి కడుపు బిగుసుకుపోయింది, కళ్లు తిరిగాయి. దెబ్బ తగిలింది పొట్టకైతే, చిత్రంగా ఎడమ భుజం సలపడం మొదలైంది. నాయనమ్మ నా పెదాలు చూసి గావుకేక పెట్టింది.

"ఓరి నాయనో, గుంట తెల్లబడిపోతంది! బేగి డోలీ కట్టండ్రా!"

నాన్నా, చిన్నాన్నా డోలీ భుజానికెత్తుకుని ఘాటీ దిగారు. నాకేమో నొప్పి ఒకపక్క, కొండ కింద ఏముందో చూడాలన్న సరదా ఒకపక్క. మాటిమాటికీ తల బయటపెట్టి నాన్న చేత తిట్లు తిన్నాను. శృంగవరపుకోటలో ఎడ్లబండి ఎక్కించారు. పట్నం ఆసుపత్రి చేరేసరికి నాకు ఒంటిమీద తెలివి లేదు. బల్ల చిట్లి లోపల నెత్తురు కారుతోందని, తీసెయ్యక తప్పదని డాక్టరుగారు అన్నారట. తీసేశారు! నేను బతికాను!

కట్టు విప్పగానే పొట్ట తడుముకున్నాను. బల్ల ఏదీ? లేదు! ఇంటికెళ్లి అందరికీ కుట్లు చూపించాలని ఒకటే తొందర. సరిగ్గా అప్పుడు డాక్టరుగారు నాన్నతో అసలు సంగతి చెప్పారు.

"పిల్లని కొండ మీదికి తీసుకెళ్లొద్దు. బల్ల తీసేసినవాళ్లకి చలిజ్వరం తగిలితే తట్టుకోలేరు. ఈసారి వస్తే ప్రాణం మీదికే వస్తుంది."

ఎంత ఏడ్చానో! నన్ను ఆసుపత్రిలోనే ఉంచి, నాన్న ఒక్కడూ కొండెక్కి ఈ కబురు చెప్పాడు. అంతే, పుట్టి బుద్ధెరిగి ఘాటీ దిగని మా నాయనమ్మ దిగొచ్చేసింది! చంకలో కాళ్లు కట్టేసిన కోడి. నన్ను తీసుకెళ్తూ దారిలో కొండదేవతకి మొక్కు తీర్చడానికట. నన్ను పలకరించనైనా లేదు, నేరుగా డాక్టరుగారి ముందు నిలబడింది.

"నా గుంట బల్ల ఏదీ? ఇచ్చీండి బాబూ. అదిక్కడుండిపోతే దీని పేణం కూడా ఇక్కడే ఉండిపోద్ది. అట్టుకెల్లి మా కొండ మీద పాతెట్టేత్తాను. అప్పుడింక జొరం దీని జోలికి రాదు."

డాక్టరుగారు నవ్వలేదు. లోపలికి వెళ్లి పెద్ద గాజు జాడీ తెచ్చి మేజా మీద పెట్టారు. అందులో మందునీళ్లలో నా ప్లీహం! నాయనమ్మ కళ్లు ఇంతింత చేసుకుంది.

"ఓలమ్మ! ఇంతుందేటి! మరి నా వాతలేటి పనిసేత్తాయి?"

"కావాలంటే ఇది పట్టుకెళ్లు మామ్మా. పిల్లని మాత్రం తీసుకెళ్లకు. దీన్ని ఎక్కడ పాతినా జ్వరం ఆగదు. కొండెక్కితే పిల్ల నీకు దక్కదు," అన్నారాయన.

నేనప్పటికే మూట కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. "పద నాయనమ్మా, పోదాం" అని చెయ్యి పట్టి లాగాను. ఆవిడ కదల్లేదు. నా పొట్ట మీద అరచెయ్యి వేసి చాలాసేపు వెతికింది. అక్కడేమీ తగల్లేదు. నావైపు చూసి, జాడీ వైపు చూసి, దాన్ని డాక్టరుగారి వైపు జరిపింది.

"ఇది మీ కాడే ఉంచండి బాబూ. మరి నానెక్కడ తొంగోవాలో సెప్పండి."

నాకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. నాయనమ్మ కోడి కాళ్లకున్న కట్టు విప్పి, దాన్ని ఆసుపత్రి వసారాలోకి వదిలేసింది.