అచ్చమ్మ తాగని టీ

మా అక్క లతీఫా కూర్చుని టీ తాగడం నేనెప్పుడూ చూడలేదు. గ్లాసు చేతిలో ఉన్నంతసేపూ వంటింటికీ పెరటికీ మధ్య తిరుగుతూనే ఉండేది. ఒక గుక్క నోట్లో పోసుకుని, అటు బుగ్గకీ ఇటు బుగ్గకీ తిప్పి మింగేది. మిగిలిందంతా పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో పారబోసేది. ఆ మొక్క ఎందుకు ఎదగడం లేదని మా బావ ఒకసారి అడిగితే, "దానికి నిద్ర పట్టట్లేదు" అంది. అక్క పోయి రెండు వానాకాలాలు గడిచాయి. తలుచుకుంటే ముఖం కంటే ముందు గచ్చు మీద ఆ కాళ్ళ చప్పుడే గుర్తొస్తుంది.

మా బావ అబ్దుల్ గఫార్‌కి బందరు కోనేరు సెంటర్ దగ్గర టీ పొడి కొట్టు ఉండేది. బెజవాడ నుంచి చెక్కపెట్టెల్లో వచ్చే పొడులు నాలుగైదు రకాలు తెచ్చి, వాటిని కలిపి, చల్లపల్లిలో, అవనిగడ్డలో, మా పుట్టిల్లు గుడివాడలో హోటళ్ళకు వేసేవాడు. ఇళ్ళలోకీ పెళ్ళిళ్ళలోకీ వేరే పొడులుండేవి. యాలకులది, సొంఠిది, దాల్చినచెక్కది, సోంపుది, ఎండిన గులాబీ రేకలు నలిపి కలిపింది. కొట్టు బావదే గాని ఏ పొడి కొట్లోకి వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో తేలేది మాత్రం ఇంట్లో, అక్క నాలుక మీద. గుడివాడలో పదో తరగతి అయ్యాక కాలేజీ చదువుకని నేను వాళ్ళింటికి చేరేసరికే ఇది ఎప్పట్నుంచో ఉన్న ఏర్పాటు.

శుక్రవారం బావ నమాజు నుంచి వచ్చాక రుచి చూసేవాళ్ళు. ఆ రోజు కూరలో ఉల్లిపాయ పడదు. అగరొత్తి వెలిగించకూడదు. నేను సన్నజాజులు పెట్టుకుంటే తీసి కిటికీ అవతల పెట్టించేది అక్క. శుక్రవారమే కాలేజీకి అందరూ పూలు పెట్టుకొస్తారని నాకు ఏడుపొచ్చేది. గుప్పెడు మరమరాలు నమిలి, నోరు పుక్కిలించి, బల్ల మీద వరసగా పెట్టిన గ్లాసుల్లో ఒక్కోటీ తాగాలి. అందరూ తాగేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. తర్వాత తీర్పు. అక్క పొడులకి మనుషుల పేర్లు పెట్టేది. గులాబీ రేకల టీ కొత్తకోడలట, వాసనే గాని పనిలోకి దిగదు. దాల్చినచెక్క టీ పక్కింటి అమీనా, ఇంట్లోకి వచ్చాక ఇంకెవర్నీ మాట్లాడనివ్వదు. ఒకసారి బావ ఎంతో ముచ్చటపడి కలిపిన పొడిని "ఇది మీ తమ్ముడు. రంగుంది, పలుకు లేదు" అంది. బావ ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకోలేదు.

నీళ్ళ దగ్గర అక్క మరీ పట్టుదల. తెల్లవారి కుళాయి వచ్చినప్పుడు పట్టిన మంచినీళ్ళే టీకి. పెరట్లో బావి ఉంది గాని బందరు బావులు చాలావాటిలాగే అదీ ఉప్పన. అంట్లకీ, గచ్చు కడగడానికే ఆ నీళ్ళు. టీ గిన్నె కూడా ఆఖరిసారి కుళాయి నీళ్ళతో తొలిస్తేనే పొయ్యెక్కేది.

ఈ తీర్పుల్లో బయటి మనిషి ఒకామె ఉండేది. అచ్చమ్మ. నాగాయలంక అవతల సముద్రపొడ్డున వాళ్ళ పల్లె. ఎండుచేపలు, ఎండు రొయ్యలు గంపలో వేసుకుని బస్సుల్లో బందరు వచ్చేది. శుక్రవారం మా సందులో తిరిగేది. పెరటి గుమ్మం దగ్గర బట్టలుతికే రాయి మీద కూర్చుని అక్కతో కబుర్లు చెప్పడం ఆమెకు అలవాటు. గంప మాత్రం ప్రహరీ అవతల పెట్టాలి. టీ పొడి పక్కన ఏముంటే ఆ వాసన పట్టేస్తుంది. గంప గుమ్మం దాటితే నీలగిరి పొడి నెత్తళ్ళ పొడి అయిపోతుందని బావ గోల. అచ్చమ్మ కనిపించిందంటే చాలు, లోపల్నుంచే "గంప గోడవతల" అని కేకేసేవాడు.

అక్క గ్లాసులన్నీ ఆమెకూ ఇచ్చేది. అచ్చమ్మ ఒక్కోటీ అడుగంటా తాగి, ప్రతిసారీ అదే మాట అనేది.

"బానే ఉందమ్మా. మా ఇంట్లో టీ లాగ లేదు."

"మీ ఇంట్లో ఏం వేస్తారు మరి?"

"నాకేం తెలుసు. మా ఆయన పెడతాడు, నేను తాగుతాను."

ఆమె మొగుడు భూషణం వేటకి వెళ్ళేముందు తెల్లవారుజామున పొయ్యి రాజేసి, టీ కాచి, ఆమెను లేపి ఇచ్చేవాడట. బావ ఇది విని నవ్వాడు. "నవ్వుతారేంటి, నేర్చుకోండి" అంది అక్క. కాని ఆ మాట అక్కను కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఎక్కడో సముద్రపొడ్డున ఒక పడవ మనిషి కాచే టీని తను దాటలేకపోవడం ఏమిటని మళ్ళీ కలిపేది, మళ్ళీ కాచేది.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. బందర్లో పెంకులు లేచిపోయాయి. కొట్లో పెట్టెలు తడిసి, ఇంట్లో ఆరబెట్టిన పొడి వాసన గోడలకు పట్టింది. అది మా కష్టమనుకున్నాం. దివిసీమ కబుర్లు వచ్చాక ఇక ఎవరూ పెట్టెల మాట ఎత్తలేదు.

ఆ రోజుల్లో అక్క నడక ఇంకా పెరిగింది. వంటింట్లోంచి వీధి గుమ్మంలోకి, అక్కణ్ణుంచి పెరటి గుమ్మంలోకి. ఏం చూస్తున్నావంటే చెప్పేది కాదు. ఒకసారి పక్కనే నిలబడితే అర్థమైంది. చూడటం కాదు, గాలి పీలుస్తోంది. సందులోకి ఎండుచేపల వాసన వస్తుందేమోనని.

వాసన రాలేదు. అచ్చమ్మ అన్న పోలయ్య వచ్చాడు. బందరు పక్కనే గిలకలదిండిలో ఉంటాడతను. భూషణం లేడని చెప్పాడు. అచ్చమ్మ తాడిచెట్టు పట్టుకుని బతికిందట. తన ఇంటికి తెచ్చుకున్నాడు గాని, మనిషి నిలబడేలా లేదన్నాడు.

"ఏదిచ్చినా ఒక్క గుక్క తాగి పక్కన పెడతందమ్మా. గంజైనా అంతే. ఏడిస్తే పోద్ది, ఏడవటం లేదు. మీ ఇంట్లో టీ తాగేదంట కదా. ఒక్కసారి కూర్చోబెట్టి చూడండి."

మరుసటి శుక్రవారం చెల్లెలిని రిక్షాలో తీసుకొచ్చాడు. చెయ్యి ఖాళీ, నెత్తి ఖాళీ. బావే ఎదురెళ్ళి, "లోపలికి రా అచ్చమ్మా" అన్నాడు. రాలేదు. అలవాటైన రాయి మీదే కూర్చుంది. అక్క సొంఠి టీ ఇచ్చింది. ఒక గుక్క తాగి గ్లాసు రాయి మీద పెట్టింది. యాలకులది ఇచ్చింది. ఒక గుక్క. మా ఇంట్లో అది అక్క చేసే పని, ఇంకొకరు చేస్తుంటే అక్క చూడలేకపోయింది.

"ఎట్లా ఉంది?"

"బానే ఉందమ్మా."

ఆ తర్వాత రావాల్సిన మాట కోసం అక్క నిలబడే ఉంది. రాలేదు.

ఆ పూట నుంచి అక్కకు కొట్టు పొడులు పట్టలేదు. భూషణం పెట్టేలాంటి టీ తను కాచి తీరాలి, అచ్చమ్మ అది అడుగంటా తాగాలి. ఆ గ్లాసు ఖాళీ అయితే మనిషి అన్నం దాకా వస్తుందని అక్క నమ్మకం. కాదంటే వినే స్థితిలో లేదు. అచ్చమ్మను అడిగితే తునకలు తునకలుగా చెప్పేది. పాలు మేకపాలు. పంచదార కాదు, తాటిబెల్లం. సొంఠి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పొయ్యిలోకి సరుగుడు పుల్లలు.

అక్క అన్నీ తెప్పించింది. మేకపాలకి నన్ను వెనకవీధికి పంపేది. సరుగుడు పొగకి ఇల్లంతా కళ్ళు మండాయి. పొడికి పొగ పడుతుందని బావ పెట్టెల మీద దుప్పట్లు కప్పుకుంటూ తిరిగాడు. వారం వారం పోలయ్య చెల్లెలిని తీసుకొచ్చేవాడు. అచ్చమ్మ ఒక గుక్క తాగేది, బానే ఉందమ్మా అనేది, పెట్టేసేది. తాటిబెల్లంతో కాచినరోజు మాత్రం గ్లాసు రెండోసారి పెదవుల దాకా తీసుకెళ్ళింది. వాసన చూసి దించేసింది. ఆ రెండోసారి ఎత్తడం అక్కకు నిద్ర లేకుండా చేసింది. దగ్గరికొచ్చి ఆగిపోయిందంటే లోపం ఎక్కడుందని నన్నడిగేది, బావనడిగేది, ఒంటరిగా పొయ్యినడిగేది.

అంతలో బావ అవనిగడ్డ వెళ్ళొచ్చాడు. అక్కడ మా పొడి వాడే దయానందం హోటలు మళ్ళీ తెరిచాడు. రాత్రి అన్నాల దగ్గర బావ ఆ కబుర్లు చెప్పాడు. పొడి బాగాలేదని దయానందం దెబ్బలాడాడట. టీ చప్పగా ఉందని పల్లెల వాళ్ళు సగం గ్లాసులు వదిలేసి పోతున్నారట. అదే పొడి, అవే పాలు. బావ అక్కడే నిలబడి కాయించుకుని తాగితే అమృతంలా ఉందట.

"చివరికి తేలిందేంటంటే, ఊళ్ళో నూతులన్నీ పాడయ్యాక ట్యాంకరు నీళ్ళతో కాస్తున్నాడు. వీళ్ళ నాలుకలకి జన్మంతా ఉప్పనీళ్ళే గదా. మంచినీళ్ళతో కాస్తే చప్పగా ఉందంటారు. చూశావా విచిత్రం."

అక్క అన్నం చేత్తోనే లేచి నిలబడింది. చెయ్యి కడుక్కోలేదు. పెరట్లోకి వెళ్ళింది. బావి చక్రం చప్పుడు వినిపించింది.

ఇన్ని నెలలుగా పాలు మార్చింది, తీపి మార్చింది, పుల్లలు మార్చింది. నీళ్ళు మార్చాలని తోచలేదు. మా ఇంట్లో ఎవరికీ తోచదు. పొద్దున్నే లేచి మంచినీళ్ళ కోసం కుళాయి దగ్గర నిలబడే ఇంట్లో, అంట్ల నీళ్ళు టీలో పోయాలని ఎవరనుకుంటారు?

మొదటి గిన్నెలో ఉప్పుకి పాలు విరిగిపోయాయి. రెండోసారి బావి నీళ్ళలో పొడీ బెల్లమూ మరిగించి, గిన్నె దించాక మేకపాలు విడిగా కలిపింది. బావ ఒక గుక్క తాగి పెరట్లోకి వెళ్ళి ఉమ్మొచ్చాడు.

"ఇదేం టీయే. అంట్లు తోమినట్టుంది."

"మీకు కాదు" అంది అక్క.

శుక్రవారం అచ్చమ్మ వచ్చింది. అక్క గ్లాసు ఇచ్చి, ఏమీ చెప్పకుండా, తిరగకుండా, తలుపు పట్టుకుని నిలబడింది. అచ్చమ్మ గుక్క తాగింది. గ్లాసు రాయి మీద పెట్టబోయి ఆగింది. మళ్ళీ తాగింది. మధ్యలో ఆపకుండా, వేడి ఊదకుండా తాగింది. అడుగున బెల్లం నలకలుంటే గ్లాసు వంచి అవీ తీసుకుంది. తర్వాత ఖాళీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. భుజాలు కదిలాయి. పోలయ్య వచ్చినప్పటి నుంచీ ఎదురుచూస్తున్న ఏడుపు అది. చప్పుడు లేకుండా వచ్చింది. మేమెవరం దగ్గరికి వెళ్ళలేదు.

లేచేటప్పుడు చీరకొంగుతో గ్లాసు తుడిచి అక్క చేతికిచ్చింది.

"ఇదేనమ్మా. ఎట్లా తెలిసిందో నీకు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "లతీఫమ్మా, ఇంకెప్పుడూ ఇది పెట్టమాక" అంది.

అక్క తలూపింది. గిన్నెలో మిగిలింది మొక్క మొదట్లో కూడా పొయ్యలేదు, వీధి కాలవలో పోసొచ్చింది.

అక్క పోయాక, ఈమధ్య బందరు వెళ్తే బావ అక్క కొలతతోనే సొంఠి టీ కాచి ఇచ్చాడు. సగం తాగాను. ఇంకొద్దు బావా అన్నాను. బావ గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

ఆ టీ తాగి వెళ్ళిన మరుసటి శుక్రవారం అచ్చమ్మ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. పోలయ్య కూడా కనబడలేదు. మానుతున్న పుండు గోకానని అక్క అనేది. ఆ టీ కాయకుండా ఉంటే ఒక గుక్కైనా తాగేది, ఇప్పుడు అదీ పోయిందేమో అనేది. గిలకలదిండి వెళ్దామని రిక్షా పిలిపించి, ఎక్కకుండానే పంపేసింది. ఏ మొహంతో వెళ్ళాలన్నది. శుక్రవారం గ్లాసులు బల్ల మీద పెట్టడం మానలేదు గాని తీర్పులు మానేసింది. ఏ పొడికీ పేరు పెట్టలేదు. ఏది కొట్లోకి పంపమంటావని బావ అడిగితే, మీ ఇష్టం అనేది. బావకి ఉప్పెనప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ భయమేసింది.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక శుక్రవారం మేం మరమరాలు నములుతున్నాం. అక్క నడుస్తున్నదల్లా వంటింటి గుమ్మంలో ఆగింది. ముక్కుపుటాలు కదిలాయి. అప్పటికి నాకూ అందింది. ఎండు నెత్తళ్ళ వాసన, ఘాటుగా, పెరటి వైపు నుంచి.

బావ కుర్చీలోంచి లేవకుండానే, ఎప్పటి గొంతుతోనే అరిచాడు. "గంప గోడవతల!"

"ఆ, పెట్టానయ్యా. మీ పొడిని నా చేపలేం కొరకవు" అన్న మాట వినిపించింది.

అచ్చమ్మ వచ్చి రాయి మీద కూర్చుంది. చిక్కి ఉంది. పోలయ్య వలలో పడ్డవి ఎండబెట్టి అమ్ముకుంటున్నానని, నాలుగు వీధులు తిరిగే ఓపిక వచ్చిందని చెప్పింది. ఆ టీ సంగతి ఆమె ఎత్తలేదు, అక్కా ఎత్తలేదు. అక్క కుళాయి నీళ్ళతో, పంచదారతో కాచిన యాలకుల టీ గ్లాసు తెచ్చి ఇచ్చింది.

అచ్చమ్మ ఊదుకుంటూ, బజార్లో రొయ్యల ధర గురించి చెబుతూ, నెమ్మదిగా అడుగంటా తాగింది.

"ఎట్లా ఉంది?" అంది అక్క.

"బానే ఉందమ్మా," గ్లాసు రాయి మీద పెట్టింది. "మా ఇంట్లో టీ లాగ లేదు."

"ఉండదు," అంది అక్క. తన గ్లాసులో ఒక గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, మిగిలింది కరివేపాకు మొక్కకి విసిరింది. "యాలకులెక్కువయ్యాయి. ఇది పెళ్ళివారి పేరంటాలు, చెప్పిందే చెబుతుంది. ఉండు, సోంపుది తెస్తాను" అంటూ లోపలికి నడిచింది.